తాగింది ఆయన, కౌన్సెలింగ్ నాకెందుకు?

తులసికోట

మా వారు బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా పని చేస్తారు. పదిహేనేళ్లుగా తాగుతున్నారు, అందులో చివరి ఆరేళ్లు తెల్లవారకముందే మొదలయ్యేది. బియ్యం డ్రమ్ములో, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనుక, చివరకు దేవుడి గది అటక మీద కూడా క్వార్టర్ సీసాలు దొరికాయి. మూడుసార్లు మా అబ్బాయి తల మీద చేయి పెట్టి ఒట్టు వేశారు, మూడుసార్లూ వారం తిరగకుండానే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు. చివరికి నా గాజులు తాకట్టు పెట్టి, ఒక డీఅడిక్షన్ కేంద్రంలో ముప్పై రోజులు ఉంచాను. ఇంటికి వచ్చి పదకొండు రోజులైంది, ఇప్పటివరకు ముట్టుకోలేదు.

నిన్న ఆ కేంద్రంలోని కౌన్సెలర్ ఫోన్ చేసి, వరుసగా ఆరు శనివారాలు నేను, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, వీలైతే మా అత్తగారు కూడా కౌన్సెలింగుకు రావాలని చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కడుపు రగిలిపోతోంది. వాంతులు కడిగింది నేను, ఆయన పనిచేసే చోటికి ఫోన్ చేసి జ్వరమని అబద్ధాలు చెప్పింది నేను, అప్పులవాళ్లకు గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పింది నేను. ఇప్పుడు రోగిని కూడా నేనేనా? మా అత్తగారేమో "మంచి మాటతో చెప్పుకునే పెళ్లాం ఉంటే మగవాడు సీసా జోలికి పోడు" అంటున్నారు. ఈ కౌన్సెలింగుకు వెళితే ఆమె మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందని భయంగా ఉంది.

మరో సంగతి కూడా ఉంది. కరీంనగర్‌లో ఉండే మా ఆడపడుచు ఎవరి దగ్గరో దొరికే పొడి పంపిస్తానంటోంది. రుచి, వాసన ఉండవని, రోజూ సాంబారులో చిటికెడు కలిపితే మళ్లీ తాగబుద్ధి కాదని చెబుతోంది. ఆ పొడి వాడవచ్చా, శనివారం వెళ్లాలా, తెలిసినవారు చెప్పగలరు.

వేపచెట్టు

వెళ్లవద్దని నా అభిప్రాయం. తాగుడుకు రోగమని పేరు పెట్టగానే తాగినవాడు రోగి అవుతాడు, ఇంటిల్లిపాదీ నేరస్థులవుతారు. మా బావగారి విషయంలో ఇదే జరిగింది. ఆయన చేసిన ప్రతి తప్పుకూ "నాకు జబ్బు ఉంది" అనే మాట అడ్డుపెట్టుకున్నారు, మా అక్క మాత్రం క్షమించడం ఎలాగో నేర్చుకోవడానికి క్లాసులకు తిరిగింది. నలభై ఏళ్ల మనిషి తన చేయి తాను అదుపులో పెట్టుకోవలసిందే. మీరు చేయవలసినదంతా ఇప్పటికే చేశారు.

మందుబిళ్ల

ఆడపడుచు గారి పొడిని మాత్రం దయచేసి ఇంట్లోకి రానివ్వకండి. మల్కాజిగిరిలో మాకు మందుల దుకాణం ఉంది. "తెలియకుండా కలిపే మందు ఇవ్వండి" అని అడిగే తల్లులు, భార్యలు ప్రతి నెలా వస్తారు. వాళ్ల బాధ నాకు తెలుసు, అయినా ఇవ్వను.

అసలు మందు పేరు డైసల్ఫిరామ్. అది రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనం. మద్యంతో కలిస్తే అది మనిషిని ఎలా కుదిపేస్తుందో 1940లలో డెన్మార్క్ పరిశోధకులు గమనించి, దాన్ని మందుగా మార్చారు. తాగిన మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది, ఆ తరువాత కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఈ మాత్ర ఆ ఎంజైమును పని చేయనివ్వదు కాబట్టి విషం పేరుకుపోయి, ఒక్క పెగ్గుకే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. తెలిసి మింగినవాడు దగ్గు మందు, మౌత్‌వాష్ లాంటి వాటిలో ఉండే ఆల్కహాలు విషయంలో కూడా జాగ్రత్త పడతాడు, తెలియనివాడు ఎలా పడతాడు? చివరి మాత్ర వేసుకున్న తరువాత రెండు వారాల వరకు దాని ప్రభావం ఒంట్లో ఉంటుంది. అందుకే డాక్టర్లు కాలేయ పరీక్ష చేసి, మనిషికి అంతా వివరించి, అతను ఒప్పుకుంటేనే ఇస్తారు. పొడి రూపంలో వచ్చేదాంట్లో ఏమి కలిసి ఉంటుందో అమ్మేవాడికి కూడా తెలియదు.

ఇంకొక్క మాట. ఏదో ఒకనాడు ఆయనకు ఈ సంగతి తెలుస్తుంది. ఆ రోజు నుంచి మీరు వడ్డించే ప్రతి ముద్దనూ ఆయన అనుమానంగానే చూస్తారు.

వేపచెట్టు

పొడి విషయంలో మందుబిళ్ల గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కౌన్సెలింగు విషయంలో నా మాట మారలేదు.

మెట్టుగూడ_రైల్వే

నేను తాగుడు మాని పదకొండేళ్ల నాలుగు నెలలైంది. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా పని చేసి రిటైరయ్యాను. వేపచెట్టు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది, నేను కూడా మా ఆవిడను అలాగే ఏడిపించినవాణ్ణి. కానీ మానేసిన తరువాత మా ఇంట్లో ఏమి జరిగిందో చెబుతాను, తులసికోట గారికి అది ఉపయోగపడవచ్చు.

తాగే రోజుల్లో జీతం, తాళంచెవులు, పిల్లల ఫీజులు, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ మా ఆవిడ చేతుల మీదుగానే నడిచేవి. నేను ఉన్నా లేనట్టే లెక్క. మానేసి నెల తిరగ్గానే, ఏదో ఘనకార్యం చేసినవాడిలాగా, ఇంటి పెద్దరికం నాకు వెంటనే తిరిగి ఇచ్చేయాలని పట్టుబట్టాను. ఆమె ఇవ్వలేకపోయింది, ఎలా ఇస్తుంది? ఒకరోజు కూరగాయల కోసం మోండా మార్కెట్‌కు వెళ్లి, ఆటో దొరక్క గంట ఆలస్యంగా వచ్చాను. గుమ్మంలో నా చేతిలోని సంచీ అందుకోవడానికి ముందు ఆమె నా మొహం దగ్గరికి వంగి వాసన చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంక మానడం దేనికి" అని అరిచి, సంచీ అక్కడే పడేసి, నేరుగా వైన్ షాపు పక్కనున్న పర్మిట్ రూమ్ దాకా నడిచాను. బయట పది నిమిషాలు నిలబడ్డాను. తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘంలో నాకు తోడుగా ఉన్న పెద్దాయన మొదటి రింగుకే ఫోన్ ఎత్తబట్టి వెనక్కి వచ్చాను.

ఆ వారమే మా ఆవిడ అల్-అనాన్ సమావేశానికి వెళ్లింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైతే, తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ 1951లో వచ్చింది, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు మా సంఘ స్థాపకుని భార్యే. భర్త తాగుడు మానిన తరువాత కూడా తన కోపం తగ్గలేదని గమనించి, ఆమె ఆ పనికి పూనుకున్నది. మా ఆవిడకు అక్కడ ఎవరూ నీతులు చెప్పలేదు. నిన్నటి దాకా తనలాగే వాసన చూసిన ఆడవాళ్లు పదిమంది కూర్చుని టీ ఇచ్చారు. వాసన చూడకుండా ఒక సాయంత్రం గడపడం ఆమెకు మూడు నెలలకు అలవాటైంది. ఆ మూడు నెలలూ నేను కూడా నోరు మూసుకుని, పెద్దరికం అడగకుండా, రోజూ ఉదయం పాలు తెచ్చాను.

అమ్మా, మీ అత్తగారి మాటకూ ఈ కౌన్సెలింగుకూ సంబంధం లేదు. తప్పు మీదని చెప్పడానికి మిమ్మల్ని పిలవడం లేదు.

అమ్మమ్మగారిల్లు

మా నాన్నగారు తాగేవారు. నన్ను మూడో తరగతిలో అమ్మమ్మగారింటికి పంపేశారు, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు, నాన్నగారు పోయి ఎనిమిదేళ్లైంది. ఈ రోజుకీ రాత్రి తొమ్మిది దాటాక ఎవరింటి గేటు గొళ్ళెం చప్పుడైనా వినిపిస్తే నా అరచేతులకు చెమటలు పడతాయి. నా భర్త గ్లాసు ముట్టని మనిషి, అయినా ఆయన స్వరం కొంచెం పెరిగితే నేను వంటింట్లోకి వెళ్లి శుభ్రంగా ఉన్న గిన్నెలే మళ్లీ తోముతాను.

ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పిల్లకు ఏమి తెలుస్తుందిలే అనుకున్నారు. తులసికోట అక్కా, మీ కోసం వెళ్లాలని అనిపించకపోతే వద్దు, బాబు కోసం వెళ్లండి. వాడికి అన్నీ తెలుసు.

మల్కాజిగిరి_మణికంఠ

మా వీధిలో ఇద్దరు అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, భజన, నేల మీద పడక, చుట్టూ అదే నియమంలో ఉన్న స్వాములు. ఇంతకంటే సంపూర్ణమైన చికిత్స ఇంకేమి ఉంటుంది? ఈ కార్తికంలో మీ వారికి మాల వేయించండి.

చార్మినార్_చాయ్

మణికంఠ భాయ్, మా అన్న రంజాన్ నెలంతా అలాగే ఉంటాడు. రోజా తప్పడు, రాత్రి తరావీహ్ నమాజు తప్పడు, తమ్ముళ్లందరికీ తానే హలీమ్ తెస్తాడు. పండుగ వెళ్లిన మూడో రోజు మళ్లీ పాత దోస్తుల దగ్గర నిద్ర మాత్రలు కొంటాడు. ఆ నెలలో అతని చుట్టూ ఒక కట్టడి ఉంటుంది, చేయవలసిన పని ఉంటుంది, ఇంట్లో గౌరవం ఉంటుంది. నెల పోగానే అవన్నీ ఒకేసారి పోతాయి. ఆ మిగిలిన పదకొండు నెలల కోసం ఏమి చేయాలో చెప్పే మనిషి మాకు ఇంతవరకు దొరకలేదు.

ఎర్రమందారం

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కరుగా ఈ నగరంలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. పైవాళ్లు లేవనెత్తిన విషయాలు కొన్ని ప్రాణానికి సంబంధించినవి కాబట్టి వాటితో మొదలుపెడతాను.

దీక్ష మీద నాకు గౌరవం ఉంది, దాని వల్ల నిలబడినవాళ్లు నాకు తెలుసు. కానీ రోజూ పొద్దున్నుంచి తాగే మనిషి మాల కోసం ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. చివరి పెగ్గు తరువాత కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, లేని పురుగులు గోడల మీద పాకుతున్నట్టు కనిపిస్తాయి. మాల వేసుకున్న మూడో రోజున నల్ల బట్టలతోనే స్ట్రెచర్ మీద తెచ్చిన స్వాములను నేను స్వయంగా చూశాను. చేతులు నేల మీద దేన్నో ఏరుతున్నట్టు కదులుతుంటాయి, పిలిస్తే పలకరు, పక్కన ఉన్న గురుస్వామి "స్వామికి ఏదో పట్టింది" అని కంగారు పడుతుంటారు. ఆసుపత్రిలో థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షనూ, నరాలను శాంతపరిచే మందులూ లెక్క ప్రకారం ఇచ్చి ఆ వారం దాటిస్తే, ఆ తరువాత దీక్షకు అడ్డమేమీ లేదు. కల్తీ కల్లు అలవాటైనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అందులో అల్ప్రజోలం అనే నిద్ర మాత్రల మందు కలుపుతారు కాబట్టి, కల్లు దుకాణాల మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో మనుషులు వస్తారు. చార్మినార్_చాయ్ గారూ, మీ అన్నగారి నిద్ర మాత్రలు కూడా అటువంటివే అయితే, డాక్టరు లేకుండా ఒకేసారి ఆపించకండి.

ఇక తులసికోట గారి ప్రశ్న. శనివారాల్లో జరిగేది విచారణ కాదు. ఇన్నేళ్ల తాగుడు చుట్టూ ఇల్లు ఒక ఆకారానికి వచ్చి ఉంటుంది. మీరు ఆయన పనిచేసే చోటికి ఫోన్ చేసి జ్వరమని చెప్పడం ఆ రోజుకు ఉద్యోగాన్ని కాపాడింది, కానీ తాగితే ఏమవుతుందో ఆయనకు తెలిసే దారిని కూడా మూసింది. ఇందులో మీ తప్పు లేదు, మీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఆ పనుల్లో ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి, ఆయన మళ్లీ తాగి వస్తే ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, జీతం ఎవరి చేతిలో ఉండాలి, తాకట్టులోని గాజులు ఎప్పటికి, ఎవరి సంపాదనతో విడిపించాలి అనేవి అక్కడ కూర్చుని కాగితం మీద రాస్తాం. తాగి ఉన్నప్పుడు వాదించకూడదని, తాగని సాయంత్రాల్లో మాత్రం ఆయనతో కలిసి కూర్చోవాలని నేర్పిస్తాం.

మనిషి చికిత్సకు ససేమిరా అన్నా, ఇంట్లోవాళ్లతోనే పని మొదలుపెట్టే క్రాఫ్ట్ అనే పద్ధతి ఒకటి ఉంది. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ శిక్షణ పొందిన కుటుంబాలలో దాదాపు మూడింట రెండు వంతుల మంది తమ మనిషిని చికిత్స దాకా తీసుకురాగలిగారు. అంతకంటే నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ మనిషి వచ్చినా రాకపోయినా ఇంట్లోవాళ్ల దిగులు, కోపం తగ్గాయి. తులసికోట గారూ, మీ కడుపు రగలడం కూడా చికిత్స అందవలసిన విషయమే, ఆయన కోసం కాదు, మీ కోసం.

వేపచెట్టు

ఎర్రమందారం గారూ, మీరు చెప్పినది శ్రద్ధగా చదివాను. మా అక్కను పిలిచిన చోట ఆమె పనులు ఏవి ఆపాలో ఎవరూ కాగితం మీద రాయలేదు, సహనంగా ఉండమని మాత్రమే చెప్పారు. ఒక్క ప్రశ్న. జబ్బు అన్నప్పుడు బాధ్యత ఎక్కడికి పోతుంది?

ఎర్రమందారం

ఎక్కడికీ పోదు. షుగరు ఉన్నవాడు షుగరు రావడానికి పూర్తిగా బాధ్యుడు కాకపోవచ్చు, కానీ మాత్ర వేసుకోవడం, తిండి అదుపులో పెట్టుకోవడం అతని పనే. బీపీ, ఉబ్బసంలాగే ఇందులోనూ తిరగబెట్టడం ఉంటుంది, మళ్లీ తాగడం మొదలుపెట్టేవారు 40 నుంచి 60 శాతం వరకు ఉంటారని అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతోంది. తిరగబెట్టినప్పుడు వెంటనే వచ్చి చెప్పడం అతని బాధ్యత. అక్కకు సహనం మాత్రమే నేర్పినవాళ్లు సగం పని కూడా చేయలేదు, మీ కోపం సరైనదే.

కొత్తపేట_కోడలు

తాగి వచ్చి కొట్టే ఇంట్లో కూడా పక్కపక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగు చేస్తారా? నేను ఇంటికి వెళ్లాక జరిగేది తలచుకుంటే, అక్కడ నోరు విప్పగలనా?

ఎర్రమందారం

చేయకూడదు. మీతో విడిగా మాట్లాడాలి, ముందు మీ భద్రత, ఆ తరువాతే ఏదైనా. ఈ రోజే 181 మహిళా హెల్ప్‌లైనుకు ఫోన్ చేయండి. తాగి కొట్టడం కూడా 2005 గృహహింస చట్టం కిందికే వస్తుంది, మత్తులో ఉన్నాడన్నది మినహాయింపు కాదు. నాకు విడిగా సందేశం పంపండి.

సాయంత్రపు_నడక

సంపూర్ణ చికిత్స అనే మాట మీద నాకు ఒక బాధ ఉంది. మా తమ్ముణ్ణి నగరం బయట తోటలో ఉన్న ఒక కేంద్రంలో మూడు నెలలు ఉంచాము, నెలకు డెబ్బై ఐదు వేలు. యోగా, ప్రాణాయామం, నూనె మర్దన, సాత్వికాహారం, సాయంత్రం వేణువు. మూడు నెలల్లో సైకియాట్రిస్టు ఒక్కసారి కూడా చూడలేదు, మమ్మల్ని ఒక్కసారి కూడా పిలవలేదు. వాడు ఆరు కిలోలు బరువు పెరిగి, నిగనిగలాడుతూ ఇంటికి వచ్చాడు. మా నాన్నగారు అదే పడక కుర్చీలో కూర్చుని అదే మాట అన్నారు, "ఎంత తగలేశావురా". తొమ్మిదో రోజు తాగాడు.

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా మనిషిని మాత్రం తోమి, తుడిచి పంపితే అది సంపూర్ణం ఎలా అవుతుంది?

మెట్టుగూడ_రైల్వే

యోగాను మాత్రం తీసిపారేయకండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటిలో ఏదో ఒకటి పట్టుకున్నప్పుడే మాకు సీసా గుర్తుకు వస్తుంది. ఆ తహతహ సాధారణంగా అరగంటకు మించి నిలవదు, ఆ అరగంట గడపడానికి నాకు ప్రాణాయామం బాగా ఉపయోగపడింది. కడుపు నిండా పెరుగన్నం కూడా అంతే ఉపయోగపడింది.

నల్లకుంట_నాన్న

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో గంజాయికి అలవాటు పడ్డాడు. ఆన్‌లైనులో మూత్ర పరీక్ష కిట్లు తెప్పించి, ప్రతి ఆదివారం బాత్‌రూమ్ తలుపు దగ్గర నేనే కాపలా నిలబడ్డాను. నాలుగు నెలలు వాడు నాతో "ఊ" అనడం తప్ప మాట్లాడలేదు. కౌన్సెలర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, గంజాయి కాకుండా మీ అబ్బాయితో చివరగా ఏ విషయం మాట్లాడారు అని. నాకు గుర్తు రాలేదు. పరీక్షలు ఇప్పుడు కూడా జరుగుతున్నాయి, కానీ కేంద్రంలో జరుగుతున్నాయి, ఇంట్లో కాదు. ఆదివారం మేమిద్దరం ఇరానీ హోటల్‌కు వెళతాము, అక్కడ ఆ మాట ఎత్తకూడదని ఒప్పందం.

పెన్నా_తీరం

మాది నెల్లూరు జిల్లా, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మా నాయనమ్మ చీపురు పట్టుకుని మా ఊరి దుకాణం ముందు కూర్చుంది. 1993లో సారా నిషేధించారు, 1995లో మద్యమంతా నిషేధించారు, 1997లో మళ్లీ తెరిచారు. ఆ మధ్య రోజుల్లో మా ఇంట్లో మొదటిసారి సంక్రాంతికి కొత్త బట్టలు వచ్చాయని మా అత్త ఇప్పటికీ చెబుతుంది. దుకాణం మూతపడింది కానీ, తాతకు ఒంట్లో ఏమవుతోందో చూసిన డాక్టరు లేడు, నాయనమ్మను ఎలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. ఆయన నాటుసారా కోసం పక్క ఊరికి నడిచి వెళ్లేవాడు.

చార్మినార్_చాయ్

డబ్బు పెట్టలేనివాళ్లు ఎక్కడికి వెళ్లాలి? డెబ్బై ఐదు వేలు చదివి మా అమ్మీ ఫోన్ పక్కన పెట్టేసింది.

ఎర్రమందారం

ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మత్తు అలవాట్ల కోసం జాతీయ ఉచిత హెల్ప్‌లైను 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416, ఇక్కడ తెలుగులో మాట్లాడతారు. మెట్టుగూడ_రైల్వే గారు చెప్పిన సమావేశాలకు రుసుము లేదు. ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి, 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. డబ్బు ఒక కారణమైతే, ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం మరో కారణం.

ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు ఉందో లేదో అడగండి, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారో అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నేరం. మనిషి నిర్ణయం తీసుకునే స్థితిలో లేనప్పుడు కుటుంబం తరఫున చేర్చుకునే వీలుంది, దానికి కూడా మొదటి విడతకు 30 రోజుల పరిమితి ఉంది. "ఏడాది ఉంచుకుంటాం, మీరు చూడటానికి రాకండి" అనే చోట మీ మనిషిని వదిలి రాకండి.

తులసికోట

ఐదు రోజులుగా ఇక్కడ రాసినవన్నీ రెండేసి సార్లు చదివాను. పొడి వద్దని ఆడపడుచుకు చెప్పేశాను, ఆమెకు కోపం వచ్చింది. నిన్న శనివారం వెళ్లాము. నేను, బాబు, మా వారు మాత్రమే. అత్తగారు రానన్నారు.

ముందు కౌన్సెలర్ నాతో ఒక్కదానితో గంటసేపు మాట్లాడారు. తప్పు నాదని అంటే లేచి వచ్చేద్దామని చెప్పుల దగ్గర కుర్చీలోనే కూర్చున్నాను. ఆమె అడిగినది, "మీరు చివరగా రాత్రంతా నిద్రపోయినది ఎప్పుడు?" అని. నేను సమాధానం చెప్పలేక చాలాసేపు ఏడ్చాను. ఆమె ఏమీ అనకుండా కూర్చున్నారు.

తరువాత ముగ్గురినీ కూర్చోబెట్టారు. నాన్న ఎలా ఉన్నారో నీకు ఎప్పుడు తెలుస్తుందని బాబును అడిగారు. వాడు తల ఎత్తకుండా, చొక్కా గుండీ తిప్పుకుంటూ చెప్పాడు. బండి సైడ్ స్టాండు ఒక్క తన్నుకే పడితే మంచి రోజట. రెండు మూడుసార్లు తన్నిన చప్పుడు వస్తే, లెక్కల పుస్తకం తీసుకుని మేడ మీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంటాడట. వాడు చదువుకోవడానికి వెళుతున్నాడని నేను ఇన్నేళ్లూ మురిసిపోయాను. అమ్మమ్మగారిల్లు చెల్లెమ్మా, మీ గేటు గొళ్ళెం అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ ట్యాంకు వెనుకే ఆయన సీసాలు దాచేవారు. మా వారు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బండి గేటు బయటే ఆపి, తోసుకుంటూ లోపలికి తెచ్చి, గోడకు ఆనించి పెట్టారు. స్టాండు వేయలేదు. ఈ రోజు పొద్దున కూడా అంతే.

నా కోపం పోలేదు. అది పోవాలని కూడా అక్కడ ఎవరూ అనలేదు. గాజులు విడిపించడానికి ఆయన జీతంలో నుంచి నెలకు నాలుగు వేలు తీసి పెట్టాలని కాగితం మీద రాసి, ఆయన చేత సంతకం పెట్టించారు.

అమ్మమ్మగారిల్లు

బాబుకు తోటి పిల్లలు దొరికే అల్-అటీన్ లాంటి బృందం ఏదైనా ఉందేమో అక్కడ అడగండి అక్కా. నాకు ఆ వయసులో ఇంకొక పిల్ల "మా ఇంట్లో కూడా అంతే" అని ఒక్కసారి చెప్పి ఉంటే ఎంతో బాగుండేది.

వేపచెట్టు

మా అక్కకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. కాగితం మీద సంతకం అన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నది. ఎర్రమందారం గారూ, మీకు విడిగా సందేశం పంపుతున్నాను.

తులసికోట

రాత్రి అన్నం తినేటప్పుడు బాబు తన నాయనమ్మకు ట్యాంకు సంగతి తానే చెప్పాడు. ఆమె ముద్ద దించేసి లేచి వెళ్లిపోయారు. ఇందాక వచ్చి, వచ్చే శనివారం ఎన్ని గంటలకని అడిగారు. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి, నన్ను అక్కడికి తీసుకుపోతారా అని కూడా అడిగారు, అది వేరే చోటని చెప్పాను. ఆమెతో మాట్లాడటానికి ఆ వయసు వాళ్లు ఎవరైనా ఉంటే బాగుంటుందని అనిపిస్తోంది.

మెట్టుగూడ_రైల్వే

మా ఆవిడకు అరవై రెండేళ్లు. ఆమెకు అత్తగారిగా పదేళ్లు, తాగుబోతు భార్యగా ఇరవై మూడేళ్లు అనుభవం ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి మూసాపేట మెట్రో స్టేషను మెట్ల కింద ఉంటానంటోంది, ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని వస్తుంది. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు ఉంటే చెప్పండి, అక్కడి నుంచి ఆటో మాట్లాడి పెడతాను.